చెవులపిల్లి చర్య: టీకా తాత్పర్య సహితం

మూలం: పొద్దుగూకితే చెవులపిల్లి చేన్ల పడ్తది, తెల్లారితే కానరాదు.

అవతారిక: మెట్ట పొలాల గట్ల మీద వినబడే ఇలాంటి మాటలో ఛందస్సు లేదు, అలంకారం అంతకన్నా లేదు. అయినా అడవి కుందేలు దినచర్య యావత్తూ ఇందులో ఇమిడి ఉన్నందున వ్యాఖ్యార్హమైంది.

టీక: చెవులపిల్లి = మెడ వెనక నల్లమచ్చ గల భారతీయ కుందేలు, శాస్త్రనామం లెపస్ నైగ్రికాలిస్. బోనులో పెంచే తెల్ల కుందేలు ఇక్కడ గ్రాహ్యం కాదు. దాని పూర్వీకులు స్పెయిన్, పోర్చుగల్ దేశాల్లో బొరియలు తవ్వుకొని గుంపుగా బతికే జాతి. చెవులపిల్లి బొరియ తవ్వదు, చాలావరకు ఒంటరిగానే తిరుగుతుంది. పొద్దుగూకితే = వెలుగు మసకబారితే; చేన్ల పడ్తది = మేతకు దిగుతుంది; తెల్లారితే = నక్కకూ డేగకూ మనిషికీ చూపు ఆనితే; కానరాదు = ఉండి కూడా కనపడదు.

తాత్పర్యం: కుందేలు సంజె వేళ లేచి రాత్రి మేసి పగలు దాక్కుంటుంది.

విశేషం: ‘కానరాదు’ అన్నచోట తొందరపడి ‘వెళ్లిపోయింది’ అని అర్థం చెప్పేవారు పొరబడినట్టే. అది చేను పక్కనే ఉండవచ్చు. గడ్డి దుబ్బులో ఒంటిని అదిమి, తన కొలతకు సరిపడే లోతులేని గుంత చేసుకుంటుంది. చెవులు వీపుకు ఆనించి, మట్టిరంగు ఒంటిని ఎండుగడ్డిలో కలిపేసి కూర్చుంటుంది. కాలు దాదాపు మీద పడేదాకా కదలదు. కదిలిందా, వంకర టింకర పరుగుతో అవతలి పొదలో తేలుతుంది. గుంతలో ఉన్నంతసేపూ ఊరికే ఉండదు కూడా. రాత్రి తిన్న మేత పేగులోని సంచిలో పులిసి మెత్తని ఉండలుగా బయటికి వస్తే, వాటిని మళ్లీ తింటుంది. ఆవు నెమరుతో సాధించేది ఇది ఈ దారిలో సాధిస్తుంది. రుచి విషయంలో వ్యాఖ్యాతలు మౌనం వహిస్తారు.

శంక: తాబేలుతో పందెంలో నిద్రపోయిన కుందేలు సోమరి కాదా?

సమాధానం: కాదు. ఆ పందెం పట్టపగలు పెట్టారు. నిద్రవేళ పరుగు పెట్టించి, కునుకు తీసిందని నింద వేయడం న్యాయం కాదు.

ఋతుభేదం: తెలుగునాట రాత్రి నిడివి ఎండాకాలంలో సుమారు 11 గంటలు, చలికాలంలో సుమారు 13 గంటలు. కుందేలు మేత గంటలూ ఆ మేరకే పెరిగి తరుగుతాయి. వానలు పడ్డాక లేతగడ్డి దానికి పరమాన్నం. ఈనడం ఏడాది పొడవునా ఉన్నా వానాకాలంలోనే ఎక్కువ. సుమారు ఆరు వారాలు మోసి, ఒకటి మొదలు నాలుగు దాకా పిల్లల్ని పెడుతుంది. అవి పుడుతూనే వెంట్రుకలతో, తెరిచిన కళ్లతో ఉంటాయి. బొరియ కుందేలు పిల్లలు మాత్రం గుడ్డిగా, బోడి ఒంటితో పుడతాయి. ఎండాకాలంలో గడ్డి మాడితే ఆకులు, చిగుళ్లే ఆధారం. నల్లరేగడిలో శెనగ మొలిచే వేళ రైతుకూ దానికీ తగవు మొదలవుతుంది. తెల్లవారి చూస్తే లేత కాడ చీలిక లేకుండా ఏటవాలుగా తెగి ఉంటుంది. పక్కనే గుండ్రని ఎండు పెంటికలు. ఇంతకు మించిన సాక్ష్యం ఏ వ్యాఖ్యాతకూ అక్కర్లేదు.

శంక: వెన్నెల రాత్రి మేతకు అనుకూలం కదా?

సమాధానం: మేసేవాడికి కనబడేదంతా వేటాడేవాడికీ కనబడుతుంది. ఉత్తర అమెరికా మంచు కుందేళ్లు శీతకాలపు పున్నమి రాత్రుల్లో తిరుగుడు తగ్గించుకుంటాయని పరిశోధకులు గమనించారు. చంద్రుడి ఒడిలో కుందేలును కూర్చోబెట్టిన కవులకు ఇది మింగుడు పడకపోవచ్చు.

నిషేధం: ‘చేన్ల పడ్తది’ అన్నారు గనక ఉచ్చు పన్నవచ్చునని కొందరు తీసే అర్థం అపార్థం. కంచె వేయవచ్చు, కాపు కాయవచ్చు, అదిలించవచ్చు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద చెవులపిల్లిని వేటాడటం నేరం.