జూలు ఊడినాక సూదెందుకు?

మా రోజుల్లో తొలకరి పడిందంటే జట్కా ఉన్న ఇంట్లో మొదట గుర్రం సంగతి చూసుకునేవాళ్లు, తర్వాతే ఇంటికప్పు సంగతి. ఇప్పుడు పెళ్లి ఊరేగింపులకు గుర్రాల్ని మేపే కుర్రోళ్లకు జూలు సగం ఊడి, తోక మొదట్లో ఎర్రగా తోలు కనబడితే గానీ దానికి దురద ఉందనే తెలీదు. అప్పుడు మొదలవుతుంది పరుగు. ఒక్క సూది వేయండి సార్, సాయంత్రం బేరం ఉంది అంటారు. నాకు కడుపు మండిపోతుంది.

మాది చెన్నూరు. ఒకపక్క పెన్న, ఇంకోపక్క కేసీ కెనాల్ కింద పండే వరిమళ్లు. కాలువకు నీళ్లొదిలితే రైతుకు పండగే, బురదలో పుట్టే నుసుములకూ పండగే. దోమకన్నా చిన్నవి, కంటికి సరిగా ఆనవు. పొద్దు గుంకే వేళ, తెల్లవారుజామున గుంపులుగా లేచి గుర్రం జూలులో, తోక మొదట్లో, పొట్ట కింద దూరి కుడతాయి. మధ్యాహ్నం ఎండలో వచ్చి నెత్తురు కారేట్టు కుట్టే జోరీగ వేరు. అది మోసుకొచ్చేది సర్రా జబ్బు. ఈ రెంటికీ తేడా తెలియనోళ్లు గుర్రం పెట్టుకోవడమేంది?

మా నాయన కడపకు జట్కా తోలేవాడు. సాయంత్రం బండి విప్పినాక ముందు ఉలవలు పెట్టేవాడు కాదు. జూలు పాయలు పాయలుగా విడదీసి, మొదళ్ల దగ్గర వేలికొనలతో తడిమేవాడు. ఆవగింజంత పొక్కు తగిలినా ఆగిపోయేవాడు. తోకెత్తి చూసేవాడు. తర్వాత గుర్రం కట్టేసే వేపచెట్టు దగ్గరికి పోయి బెరడు చూసేవాడు. బెరడు పగుళ్లలో రెండు తోకవెంట్రుకలు ఇరుక్కుని ఉంటే చాలు, రాత్రి గుర్రం రుద్దుకుందని తెలిసిపోయేది. ఆ రోజు నుంచే కానుగ నూనె. దోసిళ్లకొద్దీ కాదు, గుడ్డపేలికతో జూలు మొదళ్లకు, తోక మొదటికి పలచగా. నూనె జిడ్డు మీద నుసుము వాలి కుట్టలేదు.

పొద్దు గుంకకముందే గుర్రం పాకలోకి పోవాల్సిందే. వాకిలికి తడిపిన గోనెపట్టా. బయట గాలివాటు చూసి పిడకలు, వేపాకు రాజేసేవాడు. పొగ పాకలో నిండనిచ్చేవాడు కాదు, గుర్రం ఊపిరితిత్తులు పాడవుతాయని. లద్ది పొద్దున్నే ఎత్తి దూరంగా దిబ్బలో వేయాలి, తొట్టి కింద నీళ్లు నిలవకూడదు. ఆ పని నాది. తోక మాత్రం ఎవర్నీ కత్తిరించనిచ్చేవాడు కాదు, అది దాని చేతి విసనకర్ర అనేవాడు. ఇప్పుడు పూసలు కుచ్చడానికి అందంగా కత్తిరిస్తున్నారు!

జూలు ఊడిన గుర్రాన్ని చూసి ఒకడు గజ్జి అంటాడు. ఇంకొకడు వాడిపారేసిన ఇంజనాయిలు పూస్తాడు. పొలానికి కొట్టే మందు నీళ్లలో కలిపి పోసినోళ్లనూ చూశాను. గుర్రం ప్రాణం పోతుంది నాయనా! ఇది గజ్జి కాదు, పక్క గుర్రానికి అంటదు. నుసుము ఎంగిలి ఆ గుర్రం ఒంటికి పడదు, అంతే. ఒకసారి మొదలైతే ఏటేటా ఆ కాలానికి మళ్లీ వస్తుంది. తల్లికుంటే పిల్లకూ వచ్చే అవకాశం ఎక్కువ. ఐస్లాండ్‌లో పుట్టి ఐరోపాకు ఎగుమతైన గుర్రాలకు, అదే జాతిలో ఐరోపాలోనే పుట్టినవాటికన్నా ఈ దురద చాలా ఎక్కువ. పసితనంలో అవి ఈ పురుగు కాటు ఎరుగవు. మన గొర్రెల కాపరులకు కూడా ఈ నుసుములతో పాత పగే, మందల్ని ముంచే నీలినాలుక వ్యాధిని మోసేవి ఇవే.

డాక్టరు స్టెరాయిడ్ సూది వేస్తే దురద తగ్గుతుంది, కాదనను. కానీ బేరం ఉన్నప్పుడల్లా వేయిస్తే గిట్టల లోపల వాపొచ్చి గుర్రం అడుగు తీసి అడుగు వేయలేదు. అయినా సూది రేపటి కాటును ఆపుతుందా?

నా బాధ ఇదే. మా నాయనకు లేనివన్నీ వీళ్లకున్నాయి. ఈ నుసుములు గాలికి ఎదురు ఎగరలేవు, పాకలో ఒక పెద్ద ఫ్యాను తిప్పితే పిడకల పొగకన్నా బాగా పనిచేస్తుంది. మామూలు దోమతెర కన్నాల్లోంచి దూరిపోతాయి గానీ, సన్నకన్నాల తెర దొరుకుతుంది. గుర్రం ఒంటికి తొడిగే తొడుగులున్నాయి, ఒంటిమీద పూసే పెర్మెత్రిన్ మందులున్నాయి. డాక్టర్ని అడిగి వాడాలి, ఇంట్లో పిల్లి ఉంటే దానికి సోకకుండా చూసుకోవాలి. ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాలే ఉంది. మా కాలంలో ఇవన్నీ యాడుండాయి? ఇన్ని ఉండి కూడా మురిక్కాలువ పక్కన కట్టేసి, పుండు మీద జరీగుడ్డ కప్పి బ్యాండుమేళం ముందు నిలబెడుతున్నారు. గుర్రం తల విదిలిస్తే నాట్యం చేస్తోందని జనం ఈలలు వేస్తున్నారు.

పెళ్లివాళ్లకూ ఒక మాట. ఊరేగింపు రాత్రి తొమ్మిదింటికైతే గుర్రాన్ని ఐదింటికే తెచ్చి కల్యాణమండపం వెనక కట్టేయమనొద్దు. చీకటి పడేదాకా దాని పాకలోనే, ఫ్యాను కిందే ఉండనీయండి. వచ్చినాక ఆ జరీగుడ్డ ఒకసారి ఎత్తి చూడండి. కింద పచ్చిపుండుంటే బేరం వద్దని పంపించేయండి.