పదిహేను గజాల పట్టా

మహానగర కమిషనర్ గారికి, మా కాలనీ కార్ల యజమానులందరి తరఫున వినతిపత్రం.

అయ్యా,

నగరంలో కార్లు పంచుకునే పద్ధతిని తమరు ప్రోత్సహించబోతున్నారని తెలిసి గుండె గుభేలుమంది. ఒక కారు నిలవాలంటే ఐదు మీటర్ల పొడవు, రెండున్నర మీటర్ల వెడల్పు చోటు కావాలి. మన హైదరాబాదు లెక్కలో పదిహేను గజాలు. బంజారాహిల్స్‌లో గజం లక్ష పైమాటే. అంతటి జాగా మా ఇళ్ల ముందు రోడ్డు మీద పన్ను లేకుండా, కిరాయి లేకుండా మాకు దఖలుపడి ఉంది. హద్దురాళ్లు కూడా మేమే పాతుకున్నాం. ఇటు విరిగిన ప్లాస్టిక్ కుర్చీ, అటు సిమెంటు నింపిన పెయింటు డబ్బా. ఇంత సాఫీగా జరిగిన భూపంపిణీ ఇంకొకటి ఉంటే చూపించండి.

కారు రోజులో గంటో రెండు గంటలో తిరిగి మిగతా కాలమంతా ఊరికే నిలబడుతుందని గిట్టనివాళ్లు అంటారు. మా వీధి చివర కవరు కప్పిన తెల్ల కారు ఒకటుంది. యజమాని డాలస్‌లో ఉంటాడు. బ్యాటరీ దిగిపోకుండా వాచ్‌మన్ వారానికోసారి వచ్చి, కవరు సగం ఎత్తి, పది నిమిషాలు ఇంజను నడిపించి, పొగ వదిలి మళ్లీ కప్పేసి పోతాడు. కిందటి నెల దాని కింద పిల్లి ఈనింది. ఆ కారును నలుగురూ వాడుకోవడం మొదలెడితే ఆ పిల్లల గతేం కావాలి? మూగజీవాల గోడు కూడా వినాలి కదా తమరు.

జర్మనీలో బ్రెమెన్ అనే ఊరి మునిసిపాలిటీ 2003 నుంచీ ఇలాంటి అఘాయిత్యాలకు పాల్పడుతోంది. వీధుల్లో కొంత చోటు గీత గీసి షేరింగ్ కార్లకు ఇచ్చేసింది, అదీ ట్రాము దిగి నడిచిపోయేంత దగ్గర్లో. కొత్త ఇళ్లు కట్టేవాళ్లు అలాంటి కారు ఏర్పాటు చేస్తే పార్కింగు స్థలం తగ్గించుకోవచ్చట. చాలదన్నట్టు 2017లో దేశం మొత్తానికీ ఒక చట్టం చేసి, ఈ కార్లకు చోటు కేటాయించవచ్చు, పార్కింగు ఫీజు మాఫీ చెయ్యవచ్చు అన్నారు. ఆ గాలి ఇక్కడికి వీచిందనుకోండి. మా బిల్డరు స్టిల్టులో మూడంటే మూడు కార్లు పెట్టి, అందరికీ ఇవేనంటాడు. పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు 'డబుల్ కార్ పార్కింగ్' అని ఏ మొహం పెట్టుకుని చెప్పుకోవాలి? సంక్రాంతికి అల్లుడుగారు గంటల లెక్కన తెచ్చిన కారు దిగితే అత్తవారి వీధిలో పరువేం మిగులుతుంది?

పారిస్ వాళ్లు 2011లో ఆటోలిబ్ పేరుతో పంచుకునే ఎలక్ట్రిక్ కార్లు పెట్టి, అప్పులపాలై 2018లో మూసుకున్నారు. ఈ ఒక్క కాగితం మాత్రం ఫైల్లో అన్నిటికన్నా పైన పెట్టించండి. బ్రెమెన్ కాగితాలు దాని కింద ఉన్నా ఎవరూ చూడరు.

చట్టం ఇప్పటిదాకా మా పక్షానే ఉంది. సొంత కారులో ముగ్గుర్ని ఎక్కించుకుని హైటెక్ సిటీకి పోతూ పెట్రోలుకని తలా వంద తీసుకుంటే, తెల్ల ప్లేటుతో కిరాయి కొట్టావని పట్టుకోవచ్చు. పర్మిట్ లేనందుకు 2019 సవరణ ప్రకారం జరిమానా పదివేలు. 2020లో కేంద్రం కాస్త మెత్తబడి రోజుకు నాలుగు ట్రిప్పులు పంచుకోవచ్చంది గానీ, రాష్ట్రం కాదంటే కాదని తోక తగిలించింది. అదే నేనొక్కణ్నే నాలుగు ఖాళీ సీట్లను ఊరేగిస్తూ వెళ్తే ఏ సెక్షనూ నన్ను తాకలేదు. పోనీ, అపార్ట్‌మెంటు వాళ్లంతా కలిసి ఒక కారు కొని గంటల లెక్కన అద్దెకు తిప్పుదామనుకున్నారా? 1989 నాటి రెంట్-ఎ-క్యాబ్ స్కీము అడ్డం పడుతుంది. లైసెన్సు కావాలంటే కనీసం యాభై కార్లుండాలి. ఒకటి పంచుకోవడానికి ముందు యాభై కొనాలన్నమాట! ఆ నిబంధన రాసిన చేతులకు మా కాలనీ తరఫున శాలువా కప్పాలనుంది.

రోడ్డు మీది జాగాకు నెలనెలా అద్దె వేస్తే సగం కార్లు వాటంతటవే కదులుతాయని, ఖాళీ అయిన చోటు పంచుకునే కార్లకు ఇవ్వొచ్చని ఎవరో తమరి చెవిలో ఊదుతున్నారట. వేరే ఏం చేసినా ఫరవాలేదు. గోడల మీద కార్‌పూలింగ్ బొమ్మలు వేయించండి, వారోత్సవాలు జరిపించండి, రిబ్బను కటింగుకు మేమే వస్తాం, ఎవరి కారులో వాళ్లం. ఆ అద్దె ఒక్కటి మాత్రం వద్దు.

ఇక ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర షేర్ ఆటోల సంగతి. వెనక నలుగురు, ముందు డ్రైవరుకు అటొకరు ఇటొకరు. యాప్ లేదు, సబ్సిడీ లేదు, జర్మనీ పేరు కూడా విని ఉండరు. వాళ్లకూ గీత గీసి చోటివ్వాలని ఈ మధ్య కొందరు అడుగుతున్నారు. ఎలా కుదురుతుందండీ? మనిషి ఎక్కడానికి ఆటో నిమిషం ఆగితే ట్రాఫిక్‌కు అడ్డం. నా కారు రెండు రోజులు ఆగితే అది పార్కింగు. ఈ తేడా మీ సిబ్బందికి బాగానే తెలుసు, పక్కనే నిలబడి ఆటోకు చలానా రాస్తున్నారు. రాసేటప్పుడు పుస్తకం నా కారు బానెట్ మీద పెట్టొద్దని మాత్రం చెప్పండి. కొత్త పెయింటు.