ఇనుము వేలానికి, నూనె ఖాడీకి

సూరత్ దక్షిణాన, ఉన్ చుట్టుపక్కల ఒక డైయింగ్ మిల్లు మూతపడిందనుకుందాం. సేఠ్ గారు ఫోనెత్తడం మానేసిన మర్నాటికే చుట్టాలు దిగిపోతారు. స్థలం తనదని బ్యాంకు అంటుంది. రాగి తీగకు ఒకడు, జెట్ మెషీన్ల స్టీలుకు ఇంకొకడు బేరం పెడతారు. తుక్కు కొనే భంగార్ వాళ్లయితే గేటు ముందే కాపురం పెట్టేస్తారు. తలుపు చెక్కలకూ గిరాకీయే.

దిక్కులేనిదల్లా నూనె. థర్మోప్యాక్ అనే నూనె హీటర్‌లో ఏళ్ల తరబడి కాగి నల్లబడ్డ థర్మిక్ ఫ్లూయిడ్, ట్రాన్స్‌ఫార్మర్ కడుపులో మిగిలింది, గేర్‌బాక్సుల అడుగున పేరుకున్న జిడ్డు. పైన తేరిన నూనెను ఎవడో డ్రమ్ముల్లో పట్టుకుపోతాడు, అది పొయ్యిలో మండుతుంది. అడుగున నీళ్లూ బురదా కలిసిన మడ్డి మాత్రం ఎవరికీ వద్దు. కానీ ట్యాంకు ఇనుము కావాలి! గ్యాస్ కట్టర్ వెలిగించాలంటే ముందు ట్యాంకు ఖాళీ కావాలి. ఖాడీ, అంటే వాగు, పక్కనే ఉంది, రాత్రి ఎలాగూ వస్తుంది.

చట్టం లేదని మాత్రం అనకండి, చాలా ఉంది. దివాలా చట్టం 53వ సెక్షన్‌లో ఆస్తి అమ్మిన డబ్బు ఎవరికి ముందు, ఎవరికి వెనక అని పెళ్లి భోజనాల బంతిలా వరుస ఉంది. ముందు ప్రక్రియ ఖర్చులు, తర్వాత తాకట్టున్న బ్యాంకులూ కార్మికుల 24 నెలల బకాయిలూ, అలా చివరికి వాటాదార్లు. వాటాదార్ల వెనక కూడా ఖాడీకి ఆకు వెయ్యలేదు.

2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు ఇంకా ముచ్చటైనవి. వ్యర్థం గడప దాటాలంటే ఫారం 10, ఏడు కాపీలు, ఏడు రంగులు. గులాబీది అందుకున్నవాడికి, నారింజది లారీవాడికి. నీలం కాపీ సంతకమై, పంపినవాడికే తిరిగి రావాలి. మన మిల్లులో పంపేవాడే లేడు. నీలం కాగితం పట్టుకుని పోస్ట్‌మాన్ తాళం కప్పకు నమస్కారం పెట్టి వెళ్లాలి.

రాత్రిపూట వచ్చే టాంకరుకు ఈ బాదరబందీ ఏమీ లేదు. 2022 జనవరి 6న తెల్లవారుజామున సూరత్ దగ్గరి సచిన్ జీఐడీసీ పారిశ్రామికవాడలో ఒక టాంకరు రసాయన వ్యర్థాన్ని గుట్టుగా కాలువలోకి వదిలింది. లేచిన విషవాయువుకు పక్క మిల్లులో ఆరుగురు కార్మికులు చచ్చిపోయారు, ఇరవైమందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. హరిత ట్రిబ్యునల్ తనంతట తానే కేసు తీసుకుంది. నూనెకు అంత పేరు రాదు. అది ఎవరినీ ఒక్క తెల్లవారుజామున చంపదు గనక వార్త కాదు, నీళ్లపై రంగురంగులుగా మెరుస్తూ సాగిపోతుంది.

పాత ట్రాన్స్‌ఫార్మర్లలో పీసీబీ అనే మొండి రసాయనం ఉండొచ్చు. దాని వాడకం 2025 డిసెంబర్ 31 నాటికి పూర్తిగా ఆగాలని 2016 ఏప్రిల్‌లోనే కేంద్రం ఉత్తర్విచ్చింది. తొమ్మిదేళ్లకు పైగా గడువంటే తక్కువేం కాదు. మరి భంగార్ వాడు ఆ ట్రాన్స్‌ఫార్మర్‌ని పరీక్ష చేయిస్తాడా? చేయిస్తాడు, తూకం పరీక్ష.

2025 జూలైలో కలుషిత స్థలాల నిబంధనలు కూడా వచ్చాయి. జిల్లా యంత్రాంగం అనుమానిస్తే రాష్ట్ర కాలుష్య బోర్డుకు ప్రాథమిక పరిశీలనకు 90 రోజులు, నిర్ధారణకు మరో మూడు నెలలు, బాధ్యుణ్ణి వెతకడానికి ఇంకో 90 రోజులు. తొందరపడొద్దు మరి. భోపాల్ ఫ్యాక్టరీలోని 337 టన్నుల వ్యర్థం గేటు దాటడానికి 1984 నుంచి 2025 జనవరి దాకా పట్టింది. ఆ లెక్కన మన బోర్డులు రాకెట్లే.

నాదొక పిచ్చి సలహా. ఇనుము వేలం తేదీకి ముందే నూనె తీయించి, ఆ ఖర్చును 53వ సెక్షన్ వరుసలో మొదటి ఆకు దగ్గర కూర్చోబెడదాం. నీలం కాగితం తిరిగొచ్చేదాకా లోపల గ్యాస్ కట్టర్ వెలగకూడదు. బ్యాంకువాళ్లకు ఈ మాట చెబితే మర్యాదగా విని, టీ ఇప్పించి, వేలం ఎల్లుండే అంటారు.