కొన్న రోజే మూతపడ్డట్టు లెక్కేయండి

సింగరేణి లాభాల వాటా ఖాతాలో పడ్డ వారం గోదావరిఖనిలో పిల్లల చదువు కోసం యాప్ కోర్సులు కొనే ఇళ్లు చాలానే ఉంటాయి. మూడేళ్లకు ఒకేసారి కడితే చవక అంటారు. తీసుకోకండి. ఎక్కువ పడినా సరే, నెలనెలా కట్టండి. చదువుల యాప్ బైజూస్ ఒకప్పుడు దేశంలోకెల్లా విలువైన స్టార్టప్. 2024 జూలైలో బెంగళూరులోని కంపెనీ లా ట్రిబ్యునల్ దాన్ని దివాలా ప్రక్రియలోకి పంపింది. కంపెనీ ఆస్తులు అమ్మే దాకా వస్తే కార్మికులు, తనఖా మీద అప్పిచ్చిన బ్యాంకులు వరసలో ముందుంటారు. ముందే డబ్బు కట్టిన మనం ఎక్కడో వెనక ఉంటాం. నెలకింత కట్టినవాడికి పోయేది ఒక్క నెల డబ్బే.

పెద్ద కంపెనీ ఎక్కడికి పోతుందిలే అనుకోవద్దు. మైక్రోసాఫ్ట్ 2019లో తన ఈ-పుస్తకాల దుకాణం మూసేసింది. జనం కొన్న పుస్తకాలు కూడా దాంతోపాటే మాయమయ్యాయి. డబ్బు వాపసు ఇచ్చింది, నిజమే. కానీ సగం చదివిన పుస్తకాన్ని పూర్తి చేసే దారి లేకుండా పోయింది. మన దగ్గర ఫ్లిప్‌కార్ట్ 2012 ఫిబ్రవరిలో ఫ్లైట్ పేరుతో పాటలు అమ్మడం మొదలుపెట్టి, 2013 జూన్‌లో ఆపేసింది. కొన్న పాటలు దించుకోవడానికి ఆగస్టు 18 దాకా గడువిచ్చింది. అవి మామూలు ఎంపీ3 ఫైళ్లు. దించుకున్నవాళ్లకు మిగిలాయి.

బొగ్గు బాయి మూసేస్తే సింగరేణి మనిషిని ఇంకో బాయికి బదిలీ చేస్తుంది, అతని మస్టరు అక్కడ పడుతుంది. కొన్న పుస్తకానికి అలాంటి హామీ లేదు. 2015 చివర్లో ఈ-పుస్తకాలు మానేసినప్పుడు ఫ్లిప్‌కార్ట్ తన పాఠకులను కోబో అనే ఇంకో ఈ-పుస్తకాల దుకాణానికి మళ్లించింది. మంచి పని చేసింది. ప్రతి కంపెనీ అలా చేస్తుందనుకుంటే నష్టపోతాం.

అందుకే పైసలు కట్టిన రాత్రే దించుకోండి. ఫోన్‌లో జాగా లేదంటే మెమొరీ కార్డు కొనండి. క్లౌడ్‌లో ఉందిగా అని ఫైలు తీసేయకండి. ఫైలు యాప్ దాటి బయటికి రాదని తెలిస్తే, సగం ధరకిచ్చినా ఆ కోర్సు వద్దు, అచ్చు పుస్తకం కొనండి. పీడీఎఫ్ నోట్సు ఇస్తే చౌరస్తాలో ప్రింటు తీయించి కుట్టించండి. డబ్బు దండగంటారు, అననివ్వండి. సొంత చదువుకు న్యాయమైన మేరకు కాపీ తీసుకోవడాన్ని 1957 కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ ఒప్పుకుంటుంది. దాన్ని గ్రూపుల్లో పంచడం మాత్రం తప్పు, అది చేయకండి.

కొత్త ఫోన్ కొన్నాక పాతదాన్ని ఎక్స్ఛేంజ్‌కు ఇవ్వకండి. పాఠాలు నడుస్తున్న ఆ ఫోన్‌లో సిమ్ తీసేసి, అప్‌డేట్లు ఆపేసి, నెట్‌కు కలపకుండా ఉంచండి. అప్‌డేట్ చేయకపోతే ప్రమాదమనే మాట నిజమే కాబట్టి అందులో బ్యాంకు యాప్ ఏదీ ఉండకూడదు. కొన్ని యాప్‌లు అప్పుడప్పుడు నెట్ అడుగుతాయి. అలాంటిదాంట్లో ఏడాదికి డబ్బు కట్టకండి.

కొనేముందు 'లైఫ్‌టైమ్' అని రాసిన పేజీకి, బిల్లుకు స్క్రీన్‌షాట్ తీసుకోండి. మూసేస్తున్నామని మెయిల్ వస్తే ఆఖరి తేదీ దాకా ఆగకుండా, నైట్ షిఫ్టు దిగి వచ్చినా సరే, ఉన్నవన్నీ ఆ రోజే దించుకోండి. తర్వాత వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి, ఆ స్క్రీన్‌షాట్లతో ఫిర్యాదు రాయించండి.