బ్యాటు కవరు విప్పని అన్నకు బహిరంగ లేఖ

అన్నా,

ప్రతి శనివారం తెల్లారకముందే గచ్చిబౌలిలో నిన్ను ఎక్కించుకుని మొయినాబాద్ వైపు గ్రౌండుకు చేర్చేది మేమే కాబట్టి, ఈ మాట అనే హక్కూ మాకే ఉంది. నీ ఇంగ్లిష్ విల్లో బ్యాటుతో టీమంతా వేగలేకపోతున్నాం.

బోనస్ పడగానే 40,000 పెట్టి కొన్నావు. మా అందరిచేతా గ్రెయిన్స్ లెక్కపెట్టించావు. తీరా ప్యాడ్లు కట్టుకున్నాక, "మావా, నీ బ్యాటోసారి ఇయ్యి" అంటావు. మా కశ్మీర్ విల్లోల అంచులు లేచిపోయింది నీ కట్ షాట్లకే.

పోనీ, రెండు మ్యాచుల్లో బయటికి తీశావు. మొదటిదాంట్లో యార్కర్ వస్తే, టో (బ్యాటు అడుగు అంచు) దెబ్బతింటుందని బ్యాటు పైకెత్తి బౌల్డయ్యావు. రెండోదాంట్లో రెండో పరుగుకు వస్తూ, గీతలు పడతాయని బ్యాటు నేలకు ఆనించకుండా రనౌటయ్యావు. క్రీజులో నేల తాకని బ్యాటు ఎంత ఖరీదైనా అంపైరుకు గాల్లో ఉన్నట్టే.

నీ భయం ఉత్తిది కాదు. విల్లో మెత్తటి కర్ర. మీరట్‌లోనో జలంధర్‌లోనో రోలర్ల కింద నొక్కి పంపినా, 160 గ్రాముల తోలు బంతిని తట్టుకునేంతగా దాని పైపొర గట్టిపడదు. రా లిన్సీడ్ ఆయిల్ పలచగా రాసి, చెక్క సుత్తితో గంటల తరబడి నాకింగ్ చేయాలి. అంచులకూ టోకూ మరింత ఓపిక కావాలి. ఆ తర్వాత నెట్స్‌లో పాత బంతులు, చివరికి మ్యాచ్. నువ్వు మచ్చలు పడతాయని ఆ నాకింగ్ కూడా చేయలేదు!

దాచినా కర్ర అలాగే ఉండదన్నా. ఏసీ గదిలో, మే ఎండలో నిలిపిన కారు డిక్కీలో దాని తేమ తగ్గి పెళుసెక్కుతుంది. అమ్మ కట్టకుండా బీరువాలో దాచిన పట్టుచీర మడతల దగ్గర చీలినట్టే.

మన పక్కనే లింగంపల్లిలో కోచ్ సలాం బాయష్ దగ్గర ఆట నేర్చుకున్నాడు తిలక్ వర్మ. తండ్రి ఎలక్ట్రీషియన్. బ్యాటు ఖరీదు ఆ ఇంటికి నీకన్నా బాగా తెలిసుంటుంది. అయినా బంతిని కొట్టడం మానలేదు కాబట్టే, 2025 సెప్టెంబరు 28న దుబాయ్‌లో ఆసియా కప్ ఫైనల్లో పాకిస్తాన్ మీద 53 బంతుల్లో 69 నాటౌట్‌గా నిలిచాడు.

జాగ్రత్తను మేం వద్దనం. బాక్స్ క్రికెట్‌కు ఆ బ్యాటు తేకు. పిచ్ తడిగా ఉంటే తీయకు, టో తేమ పీల్చి ఉబ్బుతుంది. టో గార్డు, అంచులకు ఫైబర్ టేపు వేయించు. నాకింగ్ చప్పుడుకు అపార్ట్‌మెంట్ వాళ్లు తిడితే సెల్లారులోకి దిగు. హ్యాండిల్ పోతే మార్పించొచ్చు, అంచు చీలితే అతికించొచ్చు. ఎంత జాగ్రత్తపడ్డా ఏదో ఒక రోజు పోతుంది. ఆడి పోగొట్టుకో.

ఎక్సెల్ నీకు కొత్త కాదు కాబట్టి లెక్క చూడు. ఆ బ్యాటుతో నీ మొత్తం స్కోరు ఒకటి, రనౌట్‌కు ముందు తీసిన పరుగు. అంటే పరుగు ధర 40,000 రూపాయలు. వంద చేస్తే 400కి దిగుతుంది. వెయ్యి చేస్తే 40, ఆఫీసు బయట బండి దగ్గర ఇద్దరి చాయ్ ఖర్చు.

వచ్చే శనివారం నుంచి మా బ్యాట్లు నీకివ్వం.

ఇట్లు,
కశ్మీర్ విల్లోలు పోగొట్టుకున్న నీ టీమ్