పచ్చదనం చూసి మురిసిపోయాను

మల్లెతీగకు కత్తెర పెట్టడానికి నాకు చేతులొచ్చేవి కావు. పెరటి గోడ పక్కన నాటిన ఆ తీగ పందిరెక్కి, డాబా పిట్టగోడ దాకా పాకింది. వెడల్పాటి ఆకులు, కళ్లు నిండే పచ్చదనం. వచ్చినవాళ్లంతా ఎంత ఏపుగా ఉందో అనేవాళ్లు. నేను మురిసిపోయేదాన్ని. మొగ్గ మాత్రం తొడగలేదు.

తిండి చాలలేదేమోనని గుప్పెడు యూరియా వేశాను. మళ్లీ వేశాను. యూరియాలో 46 శాతం నత్రజని. అది ఆకునీ కొమ్మనీ పెంచుతుంది, అతిగా పడితే పూత వెనకబడుతుంది. వ్యవసాయం చేసే ఇంట్లో పుట్టినదాన్ని. యూరియా ఎక్కువైన వరిచేను ఏపుగా పెరిగి పడిపోవడం కళ్లారా చూసినదాన్ని. నా పెరట్లోకి వచ్చేసరికి అదేమీ గుర్తు రాలేదు.

పూలమ్మే ఆవిడ ఒకరోజు గేటు దగ్గర మూర కొలుస్తూ తీగ వంక చూసింది. "నీళ్లు ఆపి ఆకు దూసెయ్యండమ్మా, లేకపోతే పూయదు" అంది. మైలవరం వైపు మల్లెతోటల్లో పనిచేసిన మనిషి. పచ్చని చెట్టును ఎండగట్టమంటుందేమిటని నాకు కోపమొచ్చింది. ఆ సాయంత్రం ఇంకో బిందె నీళ్లు పోశాను. తెలియనందుకు నాకు సిగ్గు లేదు. తెలిసిన మనిషి గుమ్మం ముందు నిలబడి చెబితే చెవిన పెట్టనందుకు మాత్రం ఇప్పటికీ సిగ్గుపడతాను.

మల్లె కొత్త చిగురు కొసన పూస్తుంది, చాలాసార్లు మూడేసి మొగ్గలుగా. చలికాలంలో నీళ్లు తగ్గించి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరిస్తే ఎండలు మొదలయ్యేసరికి పక్క చిగుళ్లు వేస్తుంది. తోటల రైతులు ఏటా చేసే పనే ఇది.

మరుసటి చలికాలం ఆవిడనే బతిమాలి పిలిపించుకున్నాను. కొమ్మను ఎడమచేత్తో బిగబట్టి కుడిచేత్తో దూస్తుంటే ఆకులు జలజలా రాలాయి. ఎండుపుల్లలు తీసేసి, మిగతావి నడుమెత్తున కోసేసింది. చూడలేక నేను లోపలికి వెళ్లిపోయాను. సంక్రాంతి దాటాక కణుపు కణుపుకీ ఆవగింజంత చిగురు పొడుచుకొచ్చింది. ఉగాదికి దేవుడికి దండ మా పెరటి పూలతోనే కట్టాను.

మీ ఇంట్లో పూయని మల్లె ఉంటే పీకెయ్యకండి. ముందు ఎండ తగులుతోందో లేదో చూడండి. యూరియా మానేసి, మాగిన పశువుల ఎరువు వెయ్యండి. డిసెంబరులో నీళ్లు తగ్గించి, భయపడకుండా కత్తిరించండి. అనుమానముంటే మీ వీధిలో పూలమ్మే ఆవిడను అడగండి, ఆవిడ చెప్పింది వినండి.