మోకాళ్లకు జీవో రాలేదు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్... ఏ ఆఫీసులో ఏ సారును కదిపినా ఒకటే జవాబు: "రిటైరయినంక పోదాం తియ్!" కాశీ, కేదార్‌నాథ్, ఆఖరికి పక్కనున్న సలేశ్వరం కూడా పెండింగు ఫైళ్లే. 2021లో రాష్ట్ర ప్రభుత్వం విరమణ వయసును 58 నుంచి 61కి పెంచింది. సార్లు మిఠాయిలు పంచుకున్నారు. కాశీ మూడేళ్లు వెనక్కి జరిగింది. మోకాళ్లకు మాత్రం ఆ జీవో అందలేదు. అవి పాత తేదీకే విరమణ తీసుకున్నాయి!

సలేశ్వరం లింగమయ్య ఉండేది నల్లమల లోయలో. చైత్ర పౌర్ణమికి కొద్ది రోజులే దారి తెరుస్తారు. రాళ్ల మీద దిగాలి, మళ్లీ ఎక్కాలి. పెన్షన్ కాగితాలు చూపిస్తే లోయ లోతు తగ్గదు. గద్వాల సారుకు అలంపూర్ జోగులాంబ, వనపర్తి సారుకు సోమశిల కృష్ణమ్మ ఒక్క ఆదివారం దూరమే. ఆ ఆదివారాన్నీ గ్రాట్యుటీతో కలిపి తీసుకుంటారట!

అయ్యా, వాడుకోని సెలవులకు సర్కారు లెక్కకట్టి డబ్బు ఇస్తుంది. వాడుకోని వయసుకు బిల్లు పాస్ చేసే ట్రెజరీ ఎక్కడా లేదు. ఇక యముడి శాఖలోనా? సర్వీసు పొడిగింపు అసలే లేదు!